బండి ముందరి దీపములు: ఇంటివాకిటనే మార్చుకొను విధము

రైతునకు పగటి కష్టమొక యెత్తు, రాత్రి ప్రయాణమొక యెత్తు. కూరగాయ తెల్లవారక మునుపే అంగడి చేరవలెను. మామిడికాయ ఎండ ముదురక మునుపే జగిత్యాల చెంతనున్న చల్‌గల్ మార్కెటులో దిగవలెను. పసుపు మెట్‌పల్లికిగాని నిజామాబాదునకుగాని పోవలెనన్న తొలికోడి కూయకముందే బండి కదలవలెను. వరికోతల దినములలోనైతే కొనుగోలు కేంద్రమున ధాన్యము తూకమై, బస్తాలు దిగి, ఖాళీబండి యిల్లు చేరుసరికి సగము రాత్రి గడచును. వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో ఈ రాకపోకలకు నేడు పికప్ బండియే పెద్ద ఆధారము. పది పదునైదేండ్లు వాడిన బొలెరో పికప్పులును, 2005లో వెలువడిన టాటా ఏస్ రకపు పాత బండ్లును మన గ్రామములలో ఇంకను పనిచేయుచునే యున్నవి.

ఈ బండ్ల యింజనునకు నూనె మార్చుట, చక్రములలో గాలి చూచుట మనవారు మఱువరు. ముందరి దీపముల సంగతి మాత్రము అవి ఆఱిపోయిన నాటికిగాని జ్ఞప్తికి రాదు. దీపము ఒక్కనాట చెడునది కాదు. ఏండ్ల తరబడి మెల్లమెల్లగా మసకబారును. నడపువాని కన్నును దానితోబాటు ఆ మసకకు అలవాటు పడును. తుదకొకనాడు పట్టణమునకు పోయి, అంగడివాడు చూపిన మిక్కిలి తెల్లని బల్బును కొని తగిలించి, పని తీఱినదని తలంతురు. తీఱలేదు. దీపము బాగుచేయుట యనగా వెలుగును పెంచుట కంటె, ఉన్న వెలుగును పడవలసిన చోట పడునట్లు చేయుట ముఖ్యము. ఈ పని రైతు తన వాకిటనే చేసికొనవచ్చును. ఆ విధమును సభ్యులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

లాంతరు మొదలు హాలొజెన్ వఱకు

మన తాతల కాలమున ఎడ్లబండి యిరుసు క్రింద లాంతరు వ్రేలాడుచుండెడిది. దాని వెలుగు బాట చూపుటకు స్వల్పము; బండి యున్నదని ఎదుటివానికి తెలుపుట దాని ముఖ్య ప్రయోజనము. తొలి మోటారుబండ్లకు కార్బైడు రాతిపై నీరు బొట్లుబొట్లుగా పడగా పుట్టు వాయువుతో వెలుగు దీపములుండెను. 1912 ప్రాంతమున విద్యుద్దీపము మోటారుబండ్లకు సొమ్మయ్యెను. 1940లో అమెరికాలో బల్బు, అద్దము, మెఱుగుపళ్ళెము మూడును ఒకే ముద్దగా మూసిన ఏడంగుళముల గుండ్రని దీపము వాడుకలోనికి వచ్చెను. పాత జీపులకు మనమెఱిగిన గుండ్రని కన్నులు ఆ కొలతవే. 1971లో ఒకే బల్బులో రెండు తీగలుగల హాలొజెన్ రకము వచ్చెను. దీనికే హెచ్-4 అని పేరు. నేటికిని మన పాత పికప్పులలో చాలవాటి యందున్నది ఇదియే.

మన ప్రాంతమునకు విద్యుద్దీపములతో మఱియొక సంబంధము కలదు. 1969లో కేంద్రప్రభుత్వమువారు గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పి, దేశమున ఐదు చోట్ల సహకార పద్ధతిని విద్యుత్తు పంచు సంఘములను పరీక్షార్థము ఆరంభింపజేసిరి. ఆ యైదింటిలో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘ మొకటి. జనులు సెస్ అని పిలుచు ఈ సంఘము 1970లో పుట్టి, వినియోగదారులే సభ్యులుగా, ఊరూరికి స్తంభములు పాతి, బావులకు మోటార్లను, ఇండ్లకు దీపములను ఇచ్చినది. వీధిలోని వెలుగును సంఘముగా కూడి సంపాదించుకొన్న ప్రాంతము మనది. ఊరు దాటినపిమ్మట స్తంభములు లేవు. చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్ల పోవు దారిలో అమావాస్యనాడు బండి దీపము తప్ప వేఱు దిక్కు లేదు.

దూరపు లెక్క

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు ముందునకు సాగును. ఎదుట నేదో యున్నదని కన్ను గుర్తించి, కాలు బ్రేకుమీద పడుటకు సెకనున్నర పట్టును. అంతలో బండి 25 మీటర్లు పోయియుండును. బ్రేకు పట్టి బండి నిలుచుటకు పొడి దారిపై మఱియొక 25 మీటర్లు కావలయును. మొత్తము 50 మీటర్లు. బరువుతో నున్న బండికిని, తడిసిన దారికిని ఇంతకంటె నెక్కువ. వేగము 40 కిలోమీటర్లైనచో ఈ లెక్క దాదాపు 28 మీటర్లకు దిగును. కనుక దీప మెంతదూరము చూపునో అంతదూరములో నిలుపగల వేగమే రాత్రివేళ న్యాయమైన వేగము. 25 మీటర్లు మాత్రమే చూపు మసక దీపముతో 60 కిలోమీటర్ల వేగమున పోవువాడు గ్రుడ్డిగా పోవుచున్నట్లే.

ఆ 50 మీటర్లలో నేమి యుండునో మనకు తెలియనిది కాదు. వానకాలపు పంట కార్తీక మార్గశిరములలోను, యాసంగి పంట వేసవిలోను కల్లములు చాలక దారిమీదికి వచ్చును. ఆరబోసిన ధాన్యముపై రాత్రి నల్లని పరదా కప్పి, అంచులకు రాళ్ళు పెట్టుదురు. నల్లని దారిమీద నల్లని పరదా పగలే కనబడదు. రాత్రి సంగతి చెప్పనేల? వెనుక ఎఱ్ఱదీపము లేని ట్రాక్టరు ట్రాలీ, తెల్లవారుజామున బావికి పోవు రైతు, శివరాత్రికి వేములవాడ రాజన్న సన్నిధికి కాలినడకను వచ్చు భక్తులు, కొండగట్టునకు పోవు దీక్షాపరులు, అందఱును ఆ దారిలోనివారే. ధాన్యము దారిమీద పోయరాదని మేమును చెప్పుదుము. అయినను కుప్ప అక్కడ నున్నంతకాలము దానిని చూపవలసినది బండి దీపమే. అది మన పంటయే, దానిని డీకొనునది మన పిల్లవాని మోటారు సైకిలే కావచ్చును.

దీపము లోపలి సంగతి

హెచ్-4 బల్బులో రెండు తీగలుండును. దూరపు వెలుగునకు 60 వాట్లది, దగ్గరి వెలుగునకు 55 వాట్లది. డ్రైవర్లు వీనినే అప్పరు, డిప్పరు అందురు. తీగ కాగినపుడు దాని లోహము కొంచెము కొంచెముగా ఆవిరియగును. గాజులోపల నింపిన హాలొజెన్ వాయువు ఆ యావిరిని పట్టి మఱల తీగకే చేర్చును. కనుకనే ఈ బల్బు చిన్నదయ్యు మిక్కిలి వెలుగునిచ్చును, నల్లబడదు. ఈ వ్యవహారము జరుగుటకు గాజు మిక్కిలి వేడిగా నుండవలెను.

డిప్పరు తీగ క్రింద చిన్న లోహపు దొప్ప యొకటి కలదు. అది క్రిందికి పోవు వెలుగు నడ్డగించును. తక్కిన వెలుగు వెనుకనున్న మెఱుగుపళ్ళెముపై, అనగా రిఫ్లెక్టరుపై, పడి దారిమీదికి మఱలును. మనము దారికి ఎడమప్రక్కన నడుపువారము. కావున మన దేశపు డిప్పరు వెలుగు కుడివైపున, అనగా ఎదురుగా వచ్చువాని వైపున, అణగియుండి, ఎడమవైపున దారి యంచును చూపుటకు కొంచెము పైకి లేచును. తీగ ఒక మిల్లీమీటరు తన చోటు తప్పినను ఈ యేర్పాటంతయు చెడును. ముందు చెప్పబోవు జాగ్రత్తలకు మూలమిదియే.

కొనుటకు ముందు పరీక్ష

దీపము మసకగా నున్నదన్నంతనే క్రొత్తది కొనరాదు. తప్పు నాలుగు చోట్ల నుండవచ్చును: అద్దము, తీగలు, బల్బు, రిఫ్లెక్టరు. ఖర్చులేని పరీక్షను ముందుగా చేసి, ఖర్చుగలదానిని తుదకు చేయుట మేలు.

మొదట అద్దమును సబ్బునీటితో కడుగుడు. గాజుదైనచో దుమ్ము పోవుటతో పని తీఱును. ప్లాస్టికుదైనచో ఎండకు పసుపుపచ్చగా మసకబాఱియుండును. అట్టిదానిని నీటిలో తడిపిన 1000 సంఖ్య సాండుపేపరుతోను, పిదప 2000 సంఖ్యదానితోను ఒకే దిక్కున మెల్లగా రుద్ది, మెఱుగు పేస్టు పూసి మెత్తని గుడ్డతో తోమినచో మఱల తేటపడును. రుద్దినచోట పైపూత పోవును గనుక, అద్దపు దీపములకు పూయు రక్షణపూతను వెంటనే పూయవలెను. లేనియెడల కొలది మాసములలో మసక తిరిగి వచ్చును.

రెండవది తీగల పరీక్ష. ఒకప్రక్క దీపము మాత్రమే మసకగా నున్నచో రెండు బల్బులను ఒకదానిచోట నొకటి పెట్టి చూడుడు. మసక బల్బుతోబాటు రెండవ ప్రక్కకు పోయిన తప్పు బల్బుది. మొదటి ప్రక్కనే నిలిచిన తప్పు తీగదిగాని రిఫ్లెక్టరుదిగాని. ప్రక్కదారి చూపు పసుపుదీపము కొట్టుకొనునపుడెల్ల పెద్దదీపము కూడ వణకినచో ఎర్తు చెడినదని గ్రహింపవలెను. ఎర్తు తీగ బండి చట్రమునకు తగులు మరమేకును విప్పి, త్రుప్పు గీకి, మెఱయునట్లు చేసి, గట్టిగా బిగించిన పెక్కు దీపములు అంతటితోనే బాగుపడును.

మల్టీమీటరు గలవారు మఱియొక పరీక్ష చేయవచ్చును. దీపములు వెలుగుచుండగా బ్యాటరీ వద్దను, బల్బు ప్లగ్గు వెనుకను ఓల్టేజి కొలువుడు. బల్బు తీసి కొలిచిన ప్రయోజనము లేదు. బావి మోటారు ఆపినపుడు ఓల్టేజి నిండుగా చూపి, మోటారు వేయగనే పడిపోవుట మనము చూచుచున్నదే గదా, ఇదియు నట్టిదే. బ్యాటరీ వద్ద 12.4 ఓల్టులుండి బల్బు వద్ద 11.2 మాత్రమే యున్నచో పదింట నొకవంతు దారిలో పోయినదన్నమాట. వెలుగు మాత్రము పదింట నొకవంతు గాక, సుమారు పదింట మూడువంతులు తగ్గును. కాలువ మొదటి ఆయకట్టునకు నిండుగా వచ్చిన నీరు చివరి మడికి చేరునప్పటికి సన్నబడునట్లు, పాత తీగలు, వదులైన ప్లగ్గులు, కాలిన స్విచ్చులు దారిపొడవునను విద్యుత్తును త్రాగివేయును.

దీనికి చికిత్స రిలే. పాత బండ్లలో దీపములకు పోవు విద్యుత్తంతయు స్టీరింగు వద్దనున్న చిన్న స్విచ్చు ద్వారమున పోవును. రిలే పెట్టినచో స్విచ్చు పని సైగ చేయుట మాత్రమే. అసలు ప్రవాహము బ్యాటరీనుండి ఫ్యూజు మీదుగా నేరుగా దీపమునకు పోవును. బావి మోటారు స్టార్టరులో చిన్న మీట నొక్కగా పెద్ద ప్రవాహము కలియుట యెట్టిదో ఇది యట్టిది. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిదై యుండవలెను. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరములోనే పెట్టవలెను. ఫ్యూజు లేని తీగ రాపిడికి తెగి చట్రమునకు తగిలిన బండి తగులబడును. తీగలపని చేయి తిరుగనివారు ఈ యొక్కపనికి విద్యుత్తు మేస్త్రీని పిలుచుట మంచిది.

బల్బు మార్చు విధము

బండిని చదునైన చోట నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రముల క్రింద రాళ్ళు పెట్టుడు. దీపములు ఆర్పి అరగంటసేపు చల్లారనిండు. బ్యాటరీ ఋణపు కొన, అనగా మైనస్ గుర్తుగలది, విప్పి ప్రక్కకు పెట్టుడు. విప్పునపుడు ఇది మొదట, బిగించునపుడు ఇది తుదకు.

బానెట్టు ఎత్తి దీపము వెనుక చూచిన మూడు కాళ్ళ ప్లగ్గు కనబడును. తీగలు పట్టి లాగక, ప్లగ్గునే పట్టి ఇటునటు కదుపుచు వెనుకకు లాగుడు. ప్లగ్గు కరిగి గోధుమరంగునకు తిరిగియున్నచో దానినికూడ మార్చవలెను; కాలిన ప్లగ్గులో క్రొత్త బల్బు పెట్టుట పాడుపడిన బావిలో క్రొత్త మోటారు దింపుటయే. ప్లగ్గు తరువాత రబ్బరు తొడుగును మెల్లగా ఒలువుడు. దాని లోపల బల్బును నొక్కిపట్టు ఉక్కుతీగ కలదు. దాని కొన నొక్కి ప్రక్కకు తప్పించిన బల్బు చేతికి వచ్చును. పాతబల్బు ఎట్లున్నదో, దాని అంచుననున్న మూడు రెక్కలు ఏ గాడులలో కూర్చున్నవో తీయకమునుపే గమనింపుడు. ఇంటిలో చదువుకొను పిల్లలున్నచో వారిచేత ఫోనులో ఫొటో తీయించుట ఇంకను మేలు.

క్రొత్తబల్బు అడుగున వ్రాసిన అంకెలు పాతదానితో సరిపోవలెను: 12 ఓల్టులు, 60/55 వాట్లు. పెద్ద లారీలకు 24 ఓల్టుల బల్బులుండును. అవి పికప్పునకు పనికిరావు. బల్బును లోహపు భాగమున మాత్రమే పట్టవలెను. గాజును వ్రేలితో తాకరాదు. వ్రేలి జిడ్డు గాజుపై నిలిచి, ఆ చోట వేడి యెక్కువై, బల్బు త్వరలో పగులును. తాకుట జరిగినచో స్పిరిటులో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడువుడు. రెక్కలను గాడులలో కూర్చి, ఉక్కుతీగను బిగించి, బల్బు కదలుటలేదని రూఢిచేసికొని, రబ్బరు తొడుగును చుట్టును బాగుగా దిగనొత్తుడు. తొడుగు వదులైన వాననీరు లోపలికి పోయి రిఫ్లెక్టరు మెఱుగును తినివేయును. ఒకవైపు బల్బు కాలినచో రెండవదియు దాని యీడుదే. రెండును ఒకేసారి మార్చుట లాభము.

దీపము మొత్తము మార్చునపుడు

రిఫ్లెక్టరు మెఱుగు పోయి నల్లబడినను, అద్దము పగిలినను బల్బుతో పనికాదు. వెండిరంగు పూయుట వ్యర్థము. అది వెలుగును చెదరగొట్టునేగాని దారికి చేర్చదు. దీపమునే మార్చవలెను. ముందు జాలీని విప్పుడు. దాని క్లిప్పులు పాత బండ్లలో ఎండకు పెళుసెక్కియుండును గనుక ఒకేచోట బలము చేయక, ఒక్కొక్కటిగా విడిపింపుడు. పిదప దీపమును పట్టు మరమేకులు కనబడును. త్రుప్పుపట్టినవానికి నూనె వేసి కొంతసేపు నాననిచ్చి విప్పుడు. విప్పిన మరమేకులను ఒక పళ్ళెములో విప్పిన వరుసనే పెట్టినచో తిరిగి బిగించునపుడు తడబాటుండదు.

క్రొత్త దీపము కొనునపుడు మూడు సంగతులు చూడుడు. అది మీ బండి సంవత్సరమునకు తగినదై యుండవలెను. గుఱి సవరించు మరలు రెండును, ఒకటి పైకి క్రిందికి, ఒకటి ఎడమకు కుడికి, సాఫీగా తిరుగవలెను. డిప్పరు వేసి గోడపై చూచిన వెలుగంచు ఎడమవైపున పైకి లేవవలెను. కుడివైపున లేచినచో అది కుడిప్రక్క నడుపు దేశములకు చేసినది. మన దారిపై ఎదుటివాని కండ్లలో పొడుచును.

గోడమీద గుఱి

అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే. మనవారు విడిచిపెట్టునదియు నిదియే. మొదట నాలుగు చక్రములలోను గాలి సరిచూడుడు. గోదామువంటి యెత్తైన గోడ, దానియెదుట చదునైన నేల కావలయును. గోడకు 10 మీటర్ల దూరమున బండి నేరుగా నిలుపుడు. నడపుచోట నొకరు కూర్చుండవలెను. నేలనుండి దీపము నడిబొడ్డు ఎంత యెత్తున నున్నదో కొలిచి, గోడపై అదే యెత్తున సుద్దతో అడ్డగీత గీయుడు. దానికి 10 సెంటీమీటర్లు, అనగా నాలుగంగుళములు, క్రిందుగా రెండవగీత గీయుడు. రెండు దీపముల కెదురుగా రెండు నిలువుగీతలు గీయుడు.

చీకటి పడినపిమ్మట ఒక దీపమునకు అట్ట అడ్డముపట్టి, రెండవదాని డిప్పరు వేసి చూడుడు. గోడపై వెలుగునకు చీకటికి నడుమ స్పష్టమైన అంచు కనబడును. ఆ అంచు కుడివైపున రెండవగీతపై సమముగా నిలిచి, నిలువుగీత వద్దనుండి ఎడమకు లేవవలెను. మర త్రిప్పి అట్లు కుదుర్పుడు. పిమ్మట రెండవ దీపమునకు అట్లే చేయుడు. అప్పరు వేఱుగా సవరింప నక్కఱలేదు. ఒకే బల్బులోని రెండవ తీగ గనుక డిప్పరు కుదిరిన అదియు కుదురును.

పికప్ బండికి ఇందులో విశేష మొకటి కలదు. వెనుక బస్తాలు పడగనే కమానులు అణగి, ముందుభాగము పైకి లేచును. ఖాళీబండికి కుదిర్చిన గుఱి బరువు వేసిన రాత్రి ఆకాశమును చూచును. ఒక్క డిగ్రీ పైకి లేచిన గోడపై 17 సెంటీమీటర్ల భేదము మాత్రమే, జానెడుకూడ లేదు. కాని 80 మీటర్ల దూరమున ఆ వెలుగంచు నేలకు దాదాపు 140 సెంటీమీటర్ల యెత్తున పోవును. అది మోటారు సైకిలు నడపువాని కంటి యెత్తు. కావున మీరు వాడుకగా వేయు బరువును వేసియే గుఱి చూడవలెను. ఖాళీగా పోవునపుడు వెలుగు కొంత దగ్గర పడును. అప్పుడు వేగము తగ్గించుకొనుట మనచేతిలోని పని. ఎదుటివాని కన్ను చెదరినపిమ్మట తిరిగి చూపు కుదురుటకు కొన్ని సెకనులు పట్టును. మూడు సెకనులనుకొన్నను అతడు 50 మీటర్లు చూపులేక వచ్చుచున్నాడు, మన బండివైపునకే!

ఎక్కువ వెలుగు, ఎక్కువ కీడు

అంగడిలో 100/90 వాట్ల బల్బులు దొఱకును. సాధారణపు బల్బులు రెండును కలిసి అప్పరులో 10 ఆంపియర్లు లాగగా ఇవి సుమారు 17 లాగును. తీగలోని వేడి ప్రవాహపు వర్గమునుబట్టి పెరుగును గనుక దాదాపు మూడింతలగును. పాత తీగల తొడుగు కరుగును, ప్లగ్గు మాడును, రిఫ్లెక్టరు కాలును.

హాలొజెన్ దీపములో పెట్టుటకు అమ్ము ఎల్ఈడీ బల్బుల సంగతి వేఱు. ఎల్ఈడీ స్వతహాగా చెడ్డది కాదు. క్రొత్త బండ్లకు దానికై ప్రత్యేకముగా చేసిన దీపములున్నవి, అవి చక్కగా పనిచేయును. సన్నని తీగకొఱకు లెక్కకట్టి వంచిన రిఫ్లెక్టరులో వేఱు ఆకారపు వెలుగును పెట్టినపుడే చిక్కు. గోడపై చూచిన అంచు చెదరి, వెలుగు నలుదిక్కుల చిమ్మును. నడపువానికి బండి ముందర నేల తెల్లగా కనబడి సంతోషమగును. దూరము కనబడదు, ఎదుటివానికి కన్ను తెఱవరాదు. చట్టమునకును ఇది సమ్మతము కాదు. తయారుచేసినవారి వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. ముందరి వెలుగు ఎదుటివాని కంటిని చెదరగొట్టకుండ క్రిందికి వంగియుండవలెనని 1989 నాటి కేంద్ర నిబంధనలలో 106వ నియమము కలదు. ఎనిమిదేండ్లు దాటిన సరకుబండికి ఏటేట ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. అందు దీపములనుకూడ చూతురు.

సంఘములకు విన్నపము

పైన చెప్పిన పనులకు కావలసిన పరికరములు స్వల్పము: రెండు మూడు పానాలు, స్క్రూడ్రైవరు, మల్టీమీటరు, కొలతటేపు, సుద్దముక్క. అయినను ప్రతి యింట నివి యుండవు. పదిమీటర్ల చదునునేల, ఎత్తైన గోడయు అందఱి వాకిళ్ళలో నుండవు. సంఘపు గోదామునకు రెండును కలవు. గోదాము గోడపై శాశ్వతముగా రంగుగీతలు గీయించి, పదిమీటర్ల దూరమున నేలపై చక్రముల గుర్తులు వేయించుటకు రంగుడబ్బా యొకటి చాలును. బండ్ల యెత్తులు వేఱువేఱు గనుక గోడపై సెంటీమీటర్ల కొలబద్దను నిలువుగా చిత్రించిన ఏ బండికైనను పనికివచ్చును. మంచి హెచ్-4 బల్బులు కొన్ని, ఫ్యూజులు కొన్ని ఎరువుల ప్రక్కనే అలమరలో నుంచవచ్చును. వానకాలపు కోతలకు ముందొకసారి, యాసంగి కోతలకు ముందొకసారి సాయంకాలమున సభ్యుల బండ్లను పిలిచి చూచినచో ఒక్కొక్క బండికి పావుగంట మించదు. అదే సాయంకాలమున ట్రాక్టరు ట్రాలీల వెనుక వెలుగు తిప్పికొట్టు ఎఱ్ఱపట్టీలను అంటింపవచ్చును. దారిప్రక్క ధాన్యపు కుప్పల వద్ద పెట్టు రాళ్ళకు బదులు అట్టి పట్టీలు చుట్టిన డబ్బాలను సభ్యులకు ఎరవుగా నీయవచ్చును.

సెస్ పుట్టిన దినములలో స్తంభము మా పొలమున వద్దన్నవాని యింటికి వెలుగు వచ్చుట దుర్ఘటము. పొరుగువాని స్తంభమే మన దీపము. దారిమీదను అంతే. మన బండి డిప్పరు సరిగానున్నచో దాని ఫలము ముందు దక్కునది ఎదుట వచ్చువానికి. అతని డిప్పరు సరిగానున్న ఫలము మనకు. ఒక్కడు బాగుచేసికొన్న సగము లాభమే. కావున వచ్చు కోతలకు మునుపే ప్రతి సంఘపు కార్యవర్గమును ఒక సాయంకాలమును, ఒక గోడను ఇందులకు కేటాయింతురని ప్రార్థించుచున్నాము. అంతవఱకు సభ్యులు ఈ రాత్రియే తమ బండిని ఏదేని గోడయెదుట నిలిపి, డిప్పరు వేసి, వెలుగంచు ఎచ్చట పడుచున్నదో చూచుకొందురుగాక.